నీళ్ల ఊళ్లో నీళ్లొద్దనే మొక్క!

ఒకపక్క గోదావరి. ఇంకోపక్క డెల్టా కాలువ. కాళ్ల కింద ఒండ్రు నేల. నీటికి కొదవే లేని కడియపులంకలో ఓ బుల్లి మొక్క ఉంది. నీళ్లు కాస్త తక్కువైతే ఓర్చుకుంటుంది. ముద్దు చేసి రోజూ పోశారో... మొదలు కుళ్లి వాలిపోతుంది. దాని పేరు పెపరోమియా. అపార్ట్‌మెంట్ల కిటికీల్లో, ఆఫీసు బల్లల మీద, చివరికి గృహప్రవేశాల్లో ఇచ్చే రిటర్న్ గిఫ్టుల్లోనూ ఇప్పుడు ఇది కనిపిస్తోంది. ఇంతకీ నర్సరీలో నిగనిగలాడిన మొక్క మన ఇంటికి రాగానే ఎందుకు చచ్చిపోతోంది? తెలుసుకోవాలంటే ఓ ఉదయం కడియం వైపు వెళ్లాల్సిందే!

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి అది. వేమగిరి దాటాక రోడ్డు రంగు మారిపోతుంది. ఎటు చూసినా మొక్కలే. మామిడి అంట్లు, కొబ్బరి మొలకలు, రంగురంగుల కాగితంపూలు, మనిషెత్తు తాటిజాతి అలంకరణ మొక్కలు. పొద్దున్నే లారీల్లోకి మొక్కలు ఎక్కించే హడావుడి. కొత్త సంవత్సరం వచ్చిందంటే మొక్కల్నే అక్షరాలుగా, బొమ్మలుగా పేర్చి శుభాకాంక్షలు చెప్పే ఊళ్లివి. కడియం, కడియపులంక, బుర్రిలంక, జేగురుపాడు... పేరు ఏదైనా పని ఒకటే.

ఊరి పేర్లలోని 'లంక' అంటే ఏటి మధ్య మేట వేసిన నేల. గోదావరి ఏటేటా తెచ్చి పోసిన మెత్తటి మన్ను. దగ్గర్లోనే ధవళేశ్వరం. అక్కడ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా కాలువలకు నీరందింది. మన్నూ నీళ్లూ రెండూ ఉంటే ఏ విత్తనమైనా మొలకెత్తుతుంది కదా! పూల తోటలతో, పండ్ల అంట్లతో పేరు తెచ్చుకున్న ఈ ఊళ్లు తర్వాత అలంకరణ మొక్కల వైపు మళ్లాయి. పట్నాల్లో పెరడు పోయి బాల్కనీ వచ్చింది. బాల్కనీ కూడా లేని వాళ్లకు కిటికీ గట్టు మిగిలింది. ఆ గట్టు మీద పట్టే మొక్కలకు గిరాకీ పెరిగింది. పెపరోమియా అలా వచ్చిన మొక్కే.

తమలపాకు చుట్టం

రోడ్డు దిగి నర్సరీలోకి నడిస్తే ఎండలో పెరిగే మొక్కలు వెనక్కి పోతాయి. ఆకుపచ్చ షేడ్‌నెట్ పందిళ్లు మొదలవుతాయి. బయట కళ్లు చెదిరే వెలుతురు. లోపల చెట్టు నీడలాంటి చల్లదనం. ఎండను సగానికి పైగా ఆపే ఈ వలల కింద, వరుసగా పేర్చిన చిన్న కుండీల్లో ఉంటాయి పెపరోమియాలు.

ఒకదాని ఆకు అచ్చం పుచ్చకాయ. ముదురాకుపచ్చ మీద వెండి చారలు, ఎర్రటి కాడ. అందుకే 'వాటర్‌మెలన్ పెపరోమియా' అంటారు. అసలు పేరు పెపరోమియా అర్జీరియా. ఇంకోదాని ఆకులు ముడతలు ముడతలుగా చేతిరుమాలు నలిపినట్టుంటాయి. అది కాపెరాటా. మూడోది మందంగా, నున్నగా, రబ్బరు ముక్కలాంటి ఆకులతో గుబురుగా ఉంటుంది. పేరు ఆబ్ట్యుసిఫోలియా. ముద్దుపేరు 'బేబీ రబ్బర్ ప్లాంట్'. రబ్బరు చెట్టుకీ దీనికీ మాత్రం ఏ చుట్టరికమూ లేదు.

మరి చుట్టాలెవరంటారా? మిరియం, పిప్పలి, మన తాంబూలంలోని తమలపాకు! ఇవన్నీ ఒకే కుటుంబం. పెపరోమియా అన్న మాటకు గ్రీకులో 'మిరియంలాంటిది' అనే అర్థం. 1794లో స్పెయిన్ దేశపు వృక్ష శాస్త్రవేత్తలు రూయిజ్, పావోన్ ఈ పేరు పెట్టారు. వీటిలో వెయ్యికి పైగా రకాలున్నాయి. ఎక్కువ రకాల పుట్టిల్లు దక్షిణ, మధ్య అమెరికా అడవులు. చుట్టరికం రుజువు కావాలంటే పువ్వు చూస్తే చాలు. రేకులుండవు, వాసన దాదాపు ఉండదు. ఎలుక తోకలా నిలబడ్డ సన్నటి కంకి. పిప్పలి కంకి చూసినవాళ్లు ఇట్టే పోల్చేస్తారు.

తమాషా ఏంటంటే, అదే జాతి మొక్క ఒకటి మన కాళ్ల కిందే ఉంటుంది. వానాకాలం తడి గోడల పక్కన, కుండీల అడుగున, నీటి పంపు దగ్గర మొలిచే లేత కాడల కలుపు. చిన్న హృదయాకారపు ఆకులు, అద్దంలా మెరిసే కాడ. అది పెపరోమియా పెల్లూసిడా. అమెరికా నుంచే వచ్చి ఇక్కడ స్థిరపడిపోయింది. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల ఆకుకూరలా తింటారు కూడా. మన దగ్గర ఒక చెల్లెల్ని కలుపని పీకేసి, అక్కను డబ్బిచ్చి కొనుక్కుంటున్నామన్నమాట!

ఆకులోనే కుండ

అడవిలో చాలా రకాల పెపరోమియాలు నేల మీద కాదు, చెట్ల మీద ఉంటాయి. కొమ్మ పంగలో పోగైన ఆకు చెత్త, నాచు... అదే వాటికి మన్ను. చెట్టు రసం పీల్చే బదనిక కాదిది. అద్దె కట్టకుండా ఉండే మేడ మీది మనిషి లాంటిది, అంతే. అక్కడ వాన పడుతుంది, వెంటనే కారిపోతుంది. అందుకే వేళ్లు చిన్నవి, సన్నవి. నీటిని దాచుకునే పని ఆకుది. ఆ ఆకులు దళసరిగా ఉండటానికి కారణం పై పొర కింద ఉండే నీటి అర.

ఇప్పుడు అసలు సంగతి అర్థమైపోతుంది. ఇంట్లో నీళ్లు దాచుకున్న మొక్కకు గుమ్మంలోనూ నీళ్లు నింపితే ఏమవుతుంది? వేళ్లకు గాలాడదు. నల్లబడి కుళ్లిపోతాయి. వేరు పోయాక ఆకుకు నీరందదు, వాడిపోతుంది. వాడింది చూసి పాపం దాహమేస్తోందేమోనని ఇంకో చెంబు పోస్తాం. కథ ముగిసిపోతుంది!

కుండీ కొనుక్కెళ్లినవాళ్ల నుంచి నర్సరీలకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి.

"ఏమండీ, మీ దగ్గర తీసుకున్న మొక్క వాడిపోయిందండీ."

"నీళ్లెప్పుడు పోస్తున్నారండి?"

"రోజూ పోస్తూనే ఉన్నామండీ!"

"ఆయ్... అదేనండి మరి. ఆపెయ్యండి ముందు."

నీళ్ల మధ్య ఉన్న ఊరివాళ్లు నీళ్లాపమని చెప్పడం విచిత్రంగా ఉండొచ్చు. కానీ ఆ విద్యలో వాళ్లే ఆరితేరారు. పెపరోమియా కుండీల్లో ఒట్టి ఒండ్రు మట్టి వాడితే తడి ఆరదు. అందుకే మిశ్రమంలో కొబ్బరి పొట్టు ఎక్కువ, దానికి తోడు ముతక ఇసుకో పెర్లైటో, కాస్త వర్మీ కంపోస్టు. 2022లో కోనసీమ వేరే జిల్లా అయింది. అయితేనేం, కొబ్బరి పీచుకు ఆ హద్దుల్లేవు!

ఒక ఆకు... రెండు ముక్కలు

పందిరి కింద పీట వేసుకుని కూర్చున్న ఆడవాళ్ల చేతుల్లోనే ఈ మొక్క పుట్టుక ఉంది. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని పనికొస్తారు. కవర్లలో మట్టి నింపడం, కత్తిరించడం, నాటడం... సున్నితమైన పని ఎక్కువగా వాళ్లదే. చేతిలో పదునైన బ్లేడు, పక్కన మిశ్రమం నింపిన ట్రే.

నిలువు కాడ ఉన్న రకాలకు కొమ్మ కత్తిరింపు. రెండు మూడు ఆకులున్న కొనను కణుపుకు కాస్త కింద కోసి, అడుగు ఆకు తీసేసి, గాయం ఆరేదాకా కాసేపు ఉంచి గుచ్చేస్తారు. మూడు నాలుగు వారాల్లో వేళ్లొస్తాయి.

అసలు వింత పుచ్చకాయ ఆకుది. దానికి పొడుగు కొమ్మ ఉండదు. ఆకునే అడ్డంగా రెండు ముక్కలు చేస్తారు. కోసిన అంచు లోపలికి వచ్చేలా వేలి గోరంత లోతున గుచ్చుతారు. తడి పోకుండా పైన పల్చటి పాలిథిన్ కప్పుతారు. నెల తిరిగేసరికి కోసిన ఈనెల దగ్గర వేళ్లు. ఇంకొన్ని వారాలకు ఆకు పాదాల దగ్గర ఆవగింజంత పిల్ల మొక్కలు! ఒక్క ఆకు నుంచి నాలుగైదు కూడా రావచ్చు. అవి అమ్మకానికి అందంగా తయారవడానికి మాత్రం నెలలు ఆగాలి.

ఆకుతో పెంచడం అంత తేలికైతే అన్నీ అలాగే పెంచొచ్చుగా? అక్కడే ఉంది చిక్కు. అంచున మీగడ రంగు చార ఉన్న ఆబ్ట్యుసిఫోలియాకు ధర ఎక్కువ పలుకుతుంది. ఆశపడి దాని ఆకులు గుచ్చారనుకోండి, వేళ్లు వస్తాయి, పిల్లలూ వస్తాయి. కానీ ఆ పిల్లలు ఒట్టి పచ్చగా ఉంటాయి! మీగడ చార అన్నది కాడ కొనలో పక్కపక్కనే సర్దుకున్న రెండు రకాల కణాల అమరిక. ఆకు కోత నుంచి మొలిచే పిల్లకు ఆ అమరిక చేరదు. చార నిలవాలంటే కొమ్మే కోయాలి. తెలియక చేస్తే నెలల కష్టం, ట్రేలు, కూలి డబ్బులు... అన్నీ కలిపి మామూలు మొక్క ధరకే పోతాయి. ఏ మొక్కకు ఆకు, ఏ మొక్కకు కొమ్మ అన్నది చూడగానే చెప్పగల చేతులకు అందుకే అంత విలువ.

వానాకాలం ఇంకో పరీక్ష. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే ట్రేలో ఒక కాడ మెత్తబడుతుంది. చూసీచూడనట్టు వదిలేస్తే పక్కదానికి, దాని పక్కదానికి పాకుతుంది. అందుకే ఆ రోజుల్లో తెల్లారగానే మొదటి పని కుళ్లిన ముక్కలు ఏరి పారేయడం. ఆకు మీద గుండ్రటి వలయాల మచ్చలు కనిపించినా అంతే. అది వైరస్ గుర్తు. ఆ మొక్క నుంచి ముక్క తీసి నాటితే జబ్బునూ నాటినట్టే.

మన ఇంటికొచ్చాక

కిటికీ దగ్గర వెలుతురు కావాలి, నడినెత్తి ఎండ కాదు. తూర్పు కిటికీ అయితే భేషు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో బాల్కనీ అంచున పెడితే ఆకులు మాడిపోతాయి. అలాగని ఏసీ గాలి నేరుగా తగిలేచోటా వద్దు.

నీళ్లకు గడియారం అక్కర్లేదు, వేలు చాలు. రెండు కణుపుల లోతున గుచ్చి చూడండి. తడి తగిలితే వదిలేయండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. ఆకు మెత్తబడి వంగుతుంటే దాహం. మట్టి తడిగానే ఉండి ఆకు వాలితే కుళ్లు. ఈ రెండింటి తేడా తెలిస్తే సగం మొక్కలు బతికినట్టే.

పెద్ద కుండీ కొంటే బాగా పెరుగుతుందనుకోవద్దు. చిన్న వేళ్లకు చిన్న కుండీయే సుఖం. రంధ్రం లేని పింగాణీ కప్పులు చూడముచ్చటగా ఉంటాయి కానీ మొక్కకు అవి బావులే. ఎరువు పెరిగే కాలంలో నెలకోసారి, అదీ పల్చగా. కణుపుల దగ్గర దూదిలాంటి తెల్లటి పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, నీటిలో కలిపిన వేపనూనె చల్లితే సరి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మన దగ్గర కత్తిరింపులు నాటుకోవడానికి హాయైన కాలం.

ఇంట్లో పాకే పిల్లలు, పిల్లులు, కుక్కలు ఉన్నవాళ్లకు ఓ మంచి మాట. మనీప్లాంటు, డైఫెన్‌బేకియాల్లా ఇది పెంపుడు జంతువులకు హాని చేసేది కాదు. గాలిని శుభ్రం చేసేస్తుందనే ప్రచారాన్ని మాత్రం నమ్మక్కర్లేదు. తలుపూ కిటికీ తీస్తే వచ్చే గాలికి నాలుగు కుండీలు సాటి రావు.

మార్కెట్ ఆగినా... మొక్క ఆగదు

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. రోడ్డు నిశ్శబ్దమైపోయింది. కొనేవాళ్లు లేరు. కానీ మొక్కకు సెలవుల్లేవు కదా! రోజూ చూసుకోవాలి, పెరిగింది కత్తిరించాలి. అమ్ముడుపోని మొక్క కూడా కూలి అడుగుతుంది. ఆ రోజులు నర్సరీలకు గట్టి దెబ్బే. అదే కాలంలో ఇళ్లలో కూర్చున్నవాళ్లు కిటికీ గట్టు వైపు చూశారు. ఎంతోమంది చిన్న మొక్కల మీద మనసు పెంచుకున్నది అప్పుడే.

వంద కుండీలు రిటర్న్ గిఫ్టులుగా వెళితే ఎన్ని ఏడాది తిరిగేదాకా బతుకుతాయన్నదే ఇప్పటి ప్రశ్న. చచ్చిపోతే ఇంకోటి కొంటారులే అనుకోవడానికి లేదు. మొక్క పోయిన ఇంట్లో 'మాకు మొక్కలు అచ్చిరావు' అన్న మాట మిగిలిపోతుంది. ఆ మాటన్నవాళ్లు మళ్లీ నర్సరీ గడప తొక్కరు. అందుకే కుండీతో పాటు నీళ్లెప్పుడు పోయాలో చెప్పి పంపడం పెంచినవాళ్ల పనే.

బతికించుకుంటే ఎలాగుంటుందో తెలుసా? ఏడాది తర్వాత ఒక ఆకు కోసి, తడి కాగితంలో చుట్టి, పొరుగింటావిడ చేతిలో పెట్టొచ్చు. పేరంటానికి వచ్చినవాళ్లకు ఆకు పెట్టి పంపడం మనకు కొత్తేం కాదు. ఇది ఆ తమలపాకు చుట్టమే. కాకపోతే ఈ ఆకు నమలడానికి కాదు... నాటడానికి!