పసుపు కుంకుమ పొలంలో ఉప్పు

కార్తీకమాసం వనభోజనాలంటే మా కాలనీ ఆడవాళ్ళకి ఏటా ఒకే తోట, ఒకే ఉసిరిచెట్టు, పులిహోర, తర్వాత హౌసీ. రెండేళ్ళ కిందట నేనే నోరు జారి, "ఈసారి కోరంగి మడ అడవికి పోదాం" అన్నాను. "అక్కడ ఉసిరిచెట్టు ఉంటుందా?" అని అడిగారు పక్కింటి వదినగారు. ఉండదు. అందుకని ఉసిరికొమ్మ ఒకటి సంచిలో పెట్టుకుని రాజమండ్రిలో తెల్లవారుజామున బస్సెక్కాం.

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద ముందు చొల్లంగి వస్తుంది. పుష్య అమావాస్యకి సముద్రస్నానాలు చేసే ఊరు అదే. అది దాటి ఇంకొంచెం పోతే కోరంగి. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. లోపల చెక్కలతో వేసిన బాట ఉంది. దాని మీద నడుస్తుంటే కింద బురద, బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్ళు పైకి నిలబడి ఉంటాయి. అవి మడచెట్టు ఊపిరి వేళ్ళు. బురదలో గాలి ఆడదు కాబట్టి ముక్కు పైకి పెట్టుకుని బతుకుతుందన్నమాట. పడవ మీద కొంత దూరం తిప్పుతారు. నీటిపిట్టలు బోలెడు. బావురుపిల్లి కూడా ఉంటుందన్నారు గానీ, మా గోలకి అది ఏ మూల నక్కిందో!

ఒకప్పుడు ఈ కోరంగి పెద్ద ఓడరేవు. మనవాళ్ళు ఇక్కడ ఓడెక్కి బర్మా వెళ్ళేవారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళని కొరంగీలు అనేవారట. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవుని తుడిచిపెట్టేసింది. మళ్ళీ కోలుకోలేదు.

అందరూ పులిహోర తిని సాయంత్రం బస్సులో వెనక్కి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆగిపోయాను. మా అత్తగారి పుట్టిల్లు ఆ దగ్గర్లోనే, ఒక పాయ ఒడ్డున. అక్కడ నాకొక పని పడింది.

ఆ పని ఎలాంటిదో చెప్పాలంటే పొలం సంగతి చెప్పాలి. పెళ్ళిలో మా అత్తగారికి పసుపు కుంకుమ కింద ఎకరం భూమి రాసిచ్చారు వాళ్ళ నాన్నగారు. అప్పట్లో అందులో ఒక పంట వరి పండేదట. తొంభైల్లో ఊళ్ళో అందరూ రొయ్యల చెరువులు తవ్వుతుంటే, మావాళ్ళూ కౌలుకిచ్చారు. రెండేళ్ళు బాగానే డబ్బులొచ్చాయి. తర్వాత రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలి, కౌలుదారు చేతులెత్తేశాడు. అప్పటినుంచీ అది బీడు. వరికి పనికిరాదు, గడ్డికి పనికిరాదు. ఎండాకాలం వెళ్ళి చూస్తే నేలంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. ఎవరు ఊరినుంచి వచ్చినా మా అత్తగారు అడిగే మొదటి మాట, "నా పొలం ఎలా ఉంది?" అని. మేమంతా "బాగానే ఉందండీ" అంటాం. ఏం చెప్తాం మరి?

ఆ ఏడు మావారు దాన్ని మళ్ళీ రొయ్యలకే కౌలుకిద్దామన్నారు. నాకు మనసొప్పలేదు. ఆ ఊళ్ళో వన సంరక్షణ సమితిలో పనిచేసిన ఒకామె ఉంది, అరవై దాటిన మనిషి. ఊరంతా పిన్ని అనే పిలుస్తారు. ఉప్పుకి చచ్చిన నేలలో మడ పెంచడం ఆమెకి తెలుసని మా అత్తగారి తమ్ముడు చెప్పారు. సరే, నేర్చుకుందామని నాలుగు రోజులు ఉండిపోయాను.

మొదటిరోజు పిన్ని నా చీర వంక చూసి, "అమ్మాయిగోరూ, కుచ్చిళ్ళు ఎగదోపండి. ఈ బురద ఎవరి మాటా వినదు" అంది. విననే వినలేదు. మోకాలి దాకా దిగబడి, కాలు పైకి లాగేసరికి ఎడమ కాలి మెట్టె లోపలే ఉండిపోయింది. ఇంటికెళ్ళాక మా అత్తగారు ఎన్ని మాటలన్నారో రాస్తే ఈ పేజీ చాలదు.

ముందు విత్తనం సంగతి. అభయారణ్యంలో ఆకు కూడా తుంపకూడదు కాబట్టి, పోటుకి కొట్టుకొచ్చి పాయ గట్టున ఆగినవీ, ఊరివైపు చెట్లవీ మాత్రమే ఏరాం. ఉప్పుపొన్న అనే చెట్టు ఉంది చూశారూ, అది గింజని రాల్చదు. కాయ కొమ్మకి ఉండగానే మొలకెత్తి, ములక్కాడలా కిందికి సాగుతుంది. నిండు నెలలు వచ్చాకే తల్లిని వదులుతుంది. ముదిరిందో లేదో ఎలా తెలుస్తుందంటే, పైన కాయకీ కింద కాడకీ మధ్య ఉంగరంలా ఒక రంగు కట్టు తేలుతుంది. అప్పుడు చేత్తో తిప్పితే సులువుగా ఊడి వస్తుంది. లేతదాన్ని లాగితే విరుగుతుంది, మొలవదు.

తెల్లమడ గింజ వేరు. చిక్కుడు గింజంత ఉంటుంది. దాన్ని ఒక రోజు నీళ్ళలో వేసి ఉంచితే, పప్పు నానబెట్టినప్పుడు పొట్టు ఊడినట్టు పై తోలు ఊడిపోతుంది. అప్పుడు కింద చిల్లులు పొడిచిన పాలిథిన్ సంచిలో పాయ బురద నింపి, వేరు మొన లోపలికి ఉండేలా పైపైన గుచ్చాలి. లోతుగా పాతితే కుళ్ళిపోతుంది. ఆ సంచుల్ని పోటు వచ్చినప్పుడు తడిసి, పాటుకి నీళ్ళు జారిపోయే చోట వరసగా పేర్చాలి. ఇంక నీళ్ళు పొయ్యక్కర్లేదు. రోజుకి రెండుసార్లు సముద్రమే పోస్తుంది! పీతలు మాత్రం కొరికేస్తాయి, అందుకని చుట్టూ పాత వల కట్టాం. రెండువందల సంచులు నింపేసరికి నా నడుం పోయింది.

ఇదంతా నాకు తెగ నచ్చేసింది. మూడోరోజు పొద్దున్నే ఒక అరవై ఉప్పుపొన్న కాడలు పట్టుకుని మా పొలానికి పోయి, మధ్యలో చదునుగా ఉన్నచోట, మూడోవంతు బురదలోకి దిగేలా వరసలు తీర్చి గుచ్చేశాను. ముగ్గు వేసినట్టు చక్కగా ఉంది. పిన్ని వచ్చి చూసి, "ముందు మొక్క కాదండి, ముందు నీరు. నీటికి దారి లేదు ఇక్కడ" అంది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

సంక్రాంతికి వెళ్ళి చూస్తే అరవై కాడలూ నల్లగా మాడి నిలబడి ఉన్నాయి, అగరుపుల్లలు కాల్చి గుచ్చినట్టు.

అప్పుడు కూర్చుని అడిగాను, ఎందుకని. పిన్ని చెప్పింది. ఒకప్పుడు ఈ అడవిలో వరసగా చెట్లు కొట్టేశారు. కొట్టినచోట నేల ఎండి కుంగి పళ్ళెంలా అయింది. పెద్ద పోటుకి నీళ్ళు వచ్చి ఆ పళ్ళెంలో నిలబడతాయి, వెనక్కి పోలేవు. ఎండకి నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. అలా సముద్రం కన్నా ఆ నేలే ఎక్కువ ఉప్పగా తయారవుతుంది. మడచెట్టు ఉప్పుని ఓర్చుకుంటుంది గానీ, ఎంతకని ఓర్చుకుంటుంది? 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళూ, అటవీశాఖా, ఊళ్ళవాళ్ళూ కలిసి ఇలాంటి చోట్ల చేపముల్లులా కాలువలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటు లోపలికి వస్తుంది, పాటుకి ఉప్పుని కడుక్కుని బయటికి పోతుంది. అప్పుడు ఆ కాలువల్లో తవ్విన చేతుల్లో పిన్నివి కూడా ఉన్నాయి.

మా పొలానికి వచ్చిన రోగమూ అదే. చెరువు గట్టు నాలుగువైపులా ఉంది. పడిన వానా బయటికి పోదు, పోటూ సరిగ్గా లోపలికి రాదు.

వేసవిలో పని మొదలుపెట్టాం. మేస్త్రీలు వాడే లెవెల్ గొట్టం, అదే, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టం, దాంతో పల్లం ఎటు ఉందో కొలిచాం. ఒక చివర నేను, ఒక చివర పిన్ని. అమావాస్యకి పోటు ఎంత ఎత్తు వస్తుందో, అష్టమికి ఎంత తగ్గుతుందో కర్రలు పాతి గీతలు పెట్టాం. మన ఆడవాళ్ళకి తిథులు నోటికి వచ్చు కదా, ఈ లెక్క నాకు తొందరగానే పట్టుబడింది. పాయవైపు గట్టుకి గండి కొట్టే ముందు పైపొలం రైతు వచ్చి గొడవ చేశాడు, ఉప్పునీళ్ళు తన వరిలోకి వస్తాయని. అతను అన్నదాంట్లో తప్పులేదు. అందుకని అతనివైపు గట్టుని ఇంకో అడుగు ఎత్తు చేసి, మట్టి దిమ్మిస కొట్టించాకే ఇటువైపు గండి కొట్టాం. కాలువలు పైన వెడల్పు, అడుగున ఇరుకు ఉండేలా తవ్వాలి. నిలువుగా తవ్వితే మొదటి పోటుకే అంచు విరిగి పూడిపోతుంది. ఒక పిల్లకాలువ మేమూ అలాగే పాడుచేసుకున్నాం, మళ్ళీ తవ్వాం. కూలి డబ్బులు నా పొదుపు సంఘం అప్పులోంచి ఇచ్చానని మావారికి ఇప్పుడు ఈ పత్రికలో చదివితేనే తెలుస్తుంది.

ఆ వానాకాలమంతా ఏమీ నాటలేదు. వానలూ, పోటూ కలిసి నేలని కడిగాయి. కిందటేడు కార్తీకంలో తెల్లమడ సంచులు తెచ్చి, కాలువ వాలు మీద నాటాం. అడుగున పెడితే ఎప్పుడూ మునిగి ఉంటుంది, అంచు మీద పెడితే ఎండుతుంది. వాలుకి నడుమ పెట్టాలి. సంచిని బ్లేడుతో కోసి, బురద గడ్డ చెదరకుండా దింపాలి. అష్టమి చూసుకుని నాటాం, పెద్ద పోటు వచ్చేలోగా కుదురుకుంటాయని.

నాటుతూ నాటుతూ పిన్ని 1996 తుఫాను మాట ఎత్తింది. నవంబరు 6 రాత్రి. దీపావళి ఇంకా నాలుగురోజులు ఉంది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. కోనసీమలో మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు ఫెళఫెళమని విరుగుతుంటే వంటింట్లో రుబ్బురోలు పక్కన ముడుచుక్కూర్చున్నాం. వెయ్యిమందికి పైగా పోయారు ఆ తుఫానులో. చాలామంది వేటకెళ్ళిన వాళ్ళే. పిన్ని అన్నగారు కూడా ఆరోజు వేటకి వెళ్ళాడు. పడవ కూడా దొరకలేదు. "మడ ఉన్న వైపు నీళ్ళు మెల్లగా ఎక్కాయండి. లేనివైపు గోడలా వచ్చేసింది" అంది, చేతిలో మొక్క పక్కన పెట్టకుండానే. తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

నాటినవి రెండువందలకి నూటముప్పై దాకా నిలబడ్డాయి. కొన్నిటిని పీతలు తిన్నాయి, కొన్నిటిని గేదెలు తొక్కాయి. చిత్రమేమిటంటే, మేం నాటనివి కూడా మొలిచాయి. పోటు తెచ్చి పడేసిన గింజలే, కాలువ అంచున, వాటికి నచ్చిన చోట. ఉప్పునేలలో వచ్చే లావుపాటి ఎర్రటి ఆకుకూర కూడా పాకింది. పిన్ని వాళ్ళు దాన్ని పప్పులో వేస్తారు. ఉప్పు వెయ్యక్కర్లేదు సుమండీ. నేను తెలియక వేసి, ఆ పూట అందరి చేతా నీళ్ళు తాగించాను.

"దీనిమీద రూపాయి రాదు" అంటారు మావారు. ఆ మాట నిజమే. కాలువలో చిన్న పీతలూ, రొయ్యపిల్లలూ కనిపిస్తున్నాయి గానీ వాటితో ఎవరి ఫీజులూ కట్టలేం. కౌలు అడిగినవాళ్ళు మళ్ళీ వచ్చారు. పొలం మా అత్తగారి పేరున ఉంది కాబట్టి ఆవిడనే అడిగాం. "నేను చూశాక చెప్తాను" అన్నారు.

చొల్లంగి అమావాస్యకి తీసుకెళ్ళాం. స్నానం అయ్యాక ఆటోలో పొలం దాకా. ఆవిడకి డెబ్భై ఎనిమిది, మోకాళ్ళు వంగవు. గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. అమావాస్య పోటు కదా, కాలువల్లోకి నీళ్ళు చల్లగా ఎక్కుతున్నాయి. మోకాలెత్తు మొక్కలు సగం దాకా మునిగాయి. ఒక ఆకు తుంపి ఇమ్మన్నారు. తెల్లమడ తాగిన ఉప్పుని ఆకు మీదికి నెట్టేస్తుంది, ముట్టుకుంటే గరుగ్గా తగులుతుంది. నాలుకకి రాసుకుని చూసి, "ఉప్పంతా దీని ఒంట్లోకే తీసుకుంటోందా పిచ్చిది" అన్నారు. కౌలు మాట ఎవరం ఎత్తలేదు.

లేవబోతూ, పక్కనున్న కర్ర తీసుకుని గట్టు కింద బురదలో పొడవడం మొదలుపెట్టారు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"నీ మెట్టె పడింది ఇక్కడేనా, ఆ పక్కనా?" అన్నారు.