చుక్కకూర దొరికిన ఊరు

మా తరంలో చాలామందికి రష్యా అంటే ముందు పుస్తకమే. ఉప్పల లక్ష్మణరావు గారూ, ఆర్వీయార్‌గా పేరుపడ్డ రాళ్ళభండి వెంకటేశ్వరరావు గారూ మాస్కోలో ఉండి తెనిగించిన పుస్తకాలు ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల నుంచి చవగ్గా వచ్చేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది. సమోవారు కంటితో చూడకుండానే దాని మరుగు చప్పుడు విన్నవాళ్ళం మేం. అందుకని అమ్మాయీ అల్లుడూ మాస్కోలో కాపురం పెట్టి రమ్మన్నప్పుడు, తెలిసిన ఊరికే వెళ్తున్నాననుకున్నాను.

తీరా వెళ్తే అమ్మాయి వంటింట్లో ఉన్నది కరెంటు కెటిల్.

నేను వెళ్ళింది జూన్ నెలలో. రాత్రి తొమ్మిది దాటినా పొద్దు గుంకదు. సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలి? రెండు రోజులు కిటికీ దగ్గర కాచుకుని కూర్చున్నాను. మూడోనాడు ఆరున్నరకే వెలిగించేశాను. “దేవుడికి గడియారం చూడడం వచ్చులే” అంది అమ్మాయి. వీధుల్లో పాప్లార్ చెట్ల దూది మన బూరుగు దూదిలా ఎగురుతూ ముక్కులో దూరేది.

నాలుగు రోజులు పోయాక బెరుకు తగ్గింది. అక్కడా చెప్పులు గుమ్మంలోనే విడుస్తారు. వచ్చినవాళ్ళకి ఇంట్లో తొడుక్కునే మెత్తని చెప్పులు ఇస్తారు. గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోరు. పూలు ఇస్తే బేసి లెక్కనే ఇవ్వాలి, సరి లెక్క చావు ఇంటికి. నూటపదహార్లు చదివించే మనకి ఇది ఎవరో చెప్పాలా? ప్రయాణమయ్యేముందు ఇంటిల్లిపాదీ ఒక నిమిషం కూర్చుని మరీ లేస్తారు. ఎవరో తుమ్మితే మనం కూర్చోమూ, అలాగన్నమాట.

మాటలోనూ మనలాగే వాళ్ళకి ‘నువ్వు’ వేరు, ‘మీరు’ వేరు. పెద్దవాళ్ళని పేరుకి తండ్రి పేరు కలిపి పిలవడం మర్యాద. ఎదురింటి పెద్దావిడ మా నాన్నగారి పేరు అడిగింది. ఆ పొడుగాటి పేరు రెండుసార్లు పలకబోయి నవ్వేసి, నా పేరుతోనే సరిపెట్టుకుంది.

ఒకనాడు సంతలో ఆకుకూర కట్టలు చూసి ఆగిపోయాను. తుంచి నోట్లో వేసుకుంటే అదే పులుపు. మన చుక్కకూరకి దగ్గరి చుట్టం, అక్కడ దాన్ని షవేల్ అంటారు. చెన్నై నుంచి మోసుకెళ్ళిన కందిపప్పులో వేసి వండాను. ఎదురింటావిడకి ఒక గిన్నె ఇస్తే, మర్నాడు అదే ఆకుతో కాచిన చారు, పైన ఉడికిన గుడ్డు వేసి, తిరిగి పంపింది.

ఇంతవరకూ బాగానే ఉంది. నా దిగులంతా మనవడి గురించి. వాడికి నాలుగేళ్ళు. పొద్దున్నించి సాయంత్రం దాకా కిండర్‌గార్టెన్లో రష్యనే. ఇంటికొచ్చాక అమ్మ తెలుగులో అడుగుతుంది, వాడు రష్యన్‌లో జవాబు చెబుతాడు. ఆమెకి అర్థమైపోతుంది. ఇక వాడికి తెలుగు మాటతో పనేముంది?

నాతో మాత్రం అది సాగలేదు, నాకు రష్యన్ ముక్క రాదు గనక. మొదట్లో విసుక్కున్నాడు. తరవాత మాట వెతుక్కోవడం మొదలెట్టాడు. దుకాణంలో కెఫీర్ సీసా చూపించి “ఇది పుల్లపాలు అమ్మమ్మా” అన్నాడు. మజ్జిగ అన్న మాట తెలియక సొంతంగా కట్టిన మాట అది! ఎదురింటావిడ నన్ను బాబుష్కా అనమంటే, వాడు ఒప్పుకోలేదు. “బాబుష్కా నువ్వు. ఈమె అమ్మమ్మ” అని ఆవిడకి రష్యన్‌లో చెప్పి, నాకు తెలుగులో చెప్పాడు. నెల తిరిగేసరికి నాకు దుబాసీ అయ్యాడు. నాకు వాళ్ళ భాష రాకపోవడమే వాడికి మన భాష నేర్పింది.

తిరిగొచ్చాక ఆలోచిస్తే, మన చెన్నై సంగతి ఇంకా కష్టమనిపిస్తోంది. 2006లో వచ్చిన చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. నేర్చుకోవాల్సిందే, ఉన్న ఊరి భాష. కానీ ఇక్కడ అమ్మకీ తమిళం వచ్చు, అమ్మమ్మకీ వచ్చు. తెలుగులో పిలిస్తే తమిళంలో పలికే పిల్లవాడికి ఏ పనీ ఆగదు.

అందుకే నా కొడుకు కూతురితో ఒక ఉపాయం పన్నాను. మాస్కో చలికి నాకు తమిళం మరిచిపోయిందని చెప్పాను. అది నన్ను ఎగాదిగా చూసింది.

“జూన్‌లో చలేమిటి నానమ్మా? పొద్దున కీరైక్కారమ్మతో బేరమాడావుగా!”

అడిగింది తెలుగులోనే.