నీలగిరి దారిలో నీలిపొగ

మేట్టుపాళయం దాటి కల్లారు చేరేసరికి పోకచెట్ల నీడ రోడ్డును కప్పుతుంది. అక్కడినుండి కూనూరు వరకు 14 కొండమలుపులు. మేట్టుపాళయం ఎత్తు సుమారు 325 మీటర్లైతే కూనూరు 1,850 మీటర్లు. ఎండలు ముదిరితే కోయంబత్తూరు తెలుగువారికి ఈ దారి పెరటిదారి వంటిదే.

గత వేసవిలో మేము నలుగురం మా మేనల్లుడి కారులో బయలుదేరాము. అది కంపెనీలోనే టర్బో బిగించి వచ్చిన పెట్రోలు బండి. ఇంజను వదిలే వేడిగాలి ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీది రెండవ చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఆ ఇరుసుకు ఆధారం పలుచని నూనె పొర మాత్రమే. కంపెనీవారిచ్చిన వేగం మావాడికి చాలలేదు. గాలి ఒత్తిడి పెంచించాడు, పొగగొట్టం మార్పించాడు. వద్దంటే వినే వయసు కాదు గదా!

బర్లియారు పండ్ల దుకాణాలు దాటిన తరువాత వెనుక అద్దంలో నీలిపొగ కనబడింది. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువైనదనుకోవచ్చు. చలిపొద్దున తెల్లగా వచ్చేది నీటి ఆవిరి. నీలిపొగ మాత్రం నూనె కాలుతున్నదనడానికి గుర్తు. ఆ పక్క కొండలోనే 1899 నుండి కూనూరుకు పళ్ళపట్టాల రైలు నడుస్తున్నది. దాని పొగ చూడడానికి జనం టిక్కెట్టు కొంటారు. మా పొగ చూసి వెనుక బస్సు డ్రైవరు హారను మోగించాడు!

కూనూరులో బండి ఆపి ఇంజను ఊరకే తిరగనిచ్చేసరికి పొగ మబ్బులా కమ్మింది. టీ కొట్టువారు ముక్కులు మూసుకున్నారు. మూత తెరిచి చూస్తే, నూనె కొలిచే కడ్డీ తన గొట్టంలోనుండి కాస్త పైకి లేచి ఉన్నది. మా అక్కయ్య ముఖం వాడిపోయింది. ఎందుకంటే రెండు నెలల క్రితమే ఒక షెడ్డువారు "టర్బో పోయింది" అని చెప్పి కొత్తది వేశారు. 85 వేలు! ఆమె చీటీ పాడి ఇచ్చిన సొమ్ము అది. ఇప్పుడు ఫోనులో అడిగితే మళ్ళీ టర్బోయే అన్నారు.

ఉదకమండలం ప్రయాణం అక్కడే ఆగింది. సిమ్స్ పార్కులో పిల్లలను కాసేపు తిప్పి, బండి చల్లబడిన తరువాత నూనె పోసుకొని మెల్లగా దిగివచ్చాము.

కోయంబత్తూరు మోటారు పని తెలిసిన ఊరు. తెలుగింట పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టినదీ ఈ సీమలోనే. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన కార్ల పందెపు బాటకు కరివర్ధన్‌గారి పేరు పెట్టారు. ఇటువంటి ఊళ్ళో ఒక్క షెడ్డు మాటే వేదమా అని, ఉక్కడం వైపు ఒక ముసలి మెకానిక్కు దగ్గరకు వెళ్ళాము.

ఆయన విప్పడానికి తొందరపడలేదు. ఇంజను నడుస్తుండగా నూనె పోసే మూత తీసి అరచేయి అడ్డుపెట్టాడు. లోపలినుండి గాలి బుస్సున తన్నింది.

"ఏమప్పా, దీనికి ఊపిరి కట్టేసింది ఎవరు?" అన్నాడు మేనల్లుడితో.

సంగతేమంటే, సిలిండర్లలోనుండి కొంత గాలి ఎప్పుడూ కిందికి జారుతుంది. ఒత్తిడి పెంచితే అది ఇంకా ఎక్కువ. బయటికి పోవడానికి కంపెనీవారు దారి పెట్టారు. మావాడు దానిని తీయించి, నూనె పట్టే డబ్బా ఒకటి పెట్టించి, సన్నగొట్టం తగిలించాడు. ఆ గొట్టం ఒకచోట నలిగింది. డబ్బాలో నూనె, నీరు కలిసి మజ్జిగ నురుగులా పేరుకున్నది. టర్బోలోని నూనె తన బరువుతోనే కిందికి దిగాలి. కింద గాలి ఎదురుతన్నితే దిగక, సీళ్ళను దాటి పొగగొట్టంలోకి పోతుంది. అటువంటప్పుడు ఎన్ని టర్బోలు మార్చి ఏం లాభం?

సిలిండర్ల ఒత్తిడి కొలిచి, అవి బాగున్నాయన్నాడు. పాత దారిని తిరిగి పెట్టి, వెడల్పు గొట్టం వేసి, గాలి ఒత్తిడిని కంపెనీ లెక్కకు తెప్పించాడు. కూలితో కలిపి ఆరువేలు దాటలేదు. పొగగొట్టంలో మిగిలిన నూనె కాలేవరకు మూడు నాలుగు రోజులు పొగ వస్తుందని ముందే చెప్పాడు. అట్లాగే వచ్చి ఆగింది. వెయ్యి కిలోమీటర్ల తరువాత కడ్డీ మీద నూనె గీత కదలలేదు.

తీసిన పాత టర్బో ఆ మొదటి షెడ్డులోనే ఉండిపోయింది. అక్కయ్య చీటీకి ఇంకా ఏడు వాయిదాలున్నాయి.