ఇనుప చక్రములు

ట్రాక్టరు చక్రములను గూర్చి యొక యుపాధ్యాయుని భార్య వ్రాయుట మీలో గొందఱికి వింతగా దోపవచ్చును. నిరుటి శ్రావణమాసము వఱకు నేనును చక్రములు పురుషుల పని, పొయ్యి మన పని యని యెంచి యూరకుంటిని. ఆ రెంటికి గల సంబంధము నా కెట్లు తెలిసెనో చెప్పుటకే యీ నాలుగు మాటలు.

మాది పలనాడు. శ్రీనాథమహాకవి యీ సీమవారి జొన్నకూటిని, నీటికఱవును పరిహసించుచు జెప్పిన చాటువులను చిన్ననాడు మా తండ్రిగారు చదివించినపుడు నాకు మిక్కిలి కోపము వచ్చెడిది. నేడా మహాకవి వచ్చి చూచినచో మాట మార్చుకొనవలసినదే. నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరులో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీరు పాఱినచోట జొన్నచేలు వరిమళ్లయ్యెను. నీరు క్రొత్తదే గాని నేల మాత్రము పాత నల్లరేగడియే. ఎండినచో నెఱ్ఱెలు విచ్చును. తడిసినచో బంకయై పట్టిన కాలిని విడువదు. తిక్కన సోమయాజిగారి కర్ణపర్వమున కర్ణుని రథచక్రము భూమిలో గ్రుంగు ఘట్టము చదివినప్పుడెల్ల నా కన్నులకు మా మళ్లే కనబడును.

అట్టి మడిలో దమ్ము చేయుటకు రబ్బరుచక్రము చాలదు. దాని గాళ్లలో బురద నిండగనే చక్రము నున్ననై, ఉన్నచోటనే గిరగిర దిరుగును. అందుచే వెనుకచక్రములను విప్పి, పంజరము వంటి పెద్ద యినుపచక్రములను బిగింతురు. కేజీవీల్సు అనియు, దమ్ముచక్రములనియు వానికి పేళ్లు. వాని యడ్డుపట్టీలు బురదను జీల్చి, అడుగుననున్న గట్టినేలను బట్టుకొనును.

మావారు బడిలో చదువు చెప్పుదురు. మా మరిది సేద్యము చూచుకొనును. నిరుడు దమ్ముల దినములలో మరిది మధ్యాహ్న భోజనమునకు ఇనుపచక్రములతోనే తారురోడ్డు మీదుగా ఇంటికి వచ్చుచుండెను. టకటకమను ఆ చప్పుడు వినబడగనే నేను కంచము పెట్టెడిదానను. అది రోడ్డు పగులు చప్పుడని నాకు దోచనే లేదు. వారము దినములలో బడి యెదుట రోడ్డంతయు నిచ్చెనమెట్లవలె గంట్లు పడెను. వానకు గంట్లు గుంటలయ్యెను. ఒక సాయంకాలము ఆఱవ తరగతి బాలుడొకడు సైకిలుతో నొక గుంటలో బడి మణికట్టు విఱుగగొట్టుకొనెను. మావారు వానిని వైద్యుని యొద్దకు గొనిపోయి, రాత్రి యింటికి వచ్చి, అన్నము ముట్టక పండుకొనిరి. ఆ గుంట మా చక్రము చేసినదో, మఱియొకరి చక్రము చేసినదో యెవరు చెప్పగలరు? అన్నదమ్ములు మాత్రము రెండు దినములు మాటలాడుకొనలేదు.

మూడవనాడు నేనే నోరు విప్పితిని. “నాయనా, తారురోడ్డు మీద ఆ చక్రాలతో నడపరాదని అధికారులు చెబుతూనే ఉన్నారు గదా. విప్పి రారాదా?”

“చెప్పడం తేలిక, వదినా! విప్పి బిగించడమంటే ఏమిటో ఒకసారి పొలానికి వచ్చి చూడు” అనెను. ఆ మాటలో కొంత యెత్తిపొడుపు లేకపోలేదు. నేను నిజముగనే వెళ్లితిని.

చూచిన పిమ్మట గదా తెలిసినది! మొదట బండిని గట్టినేలపై నిలిపి, ముందుచక్రములకు రాళ్లు అడ్డుపెట్టవలెను. చక్రము నేలమీద నుండగనే నట్లను కొంచెము వదులు చేయవలెను. పైకెత్తిన పిదప పట్టు దొరకదు. జాకీ క్రింద బల్లచెక్క వేయవలెను; లేకున్న మా రేగడిలో జాకీయే దిగబడును. రబ్బరుచక్రము నొకరు పట్టి దొరలించగా, ఇద్దఱు ఇనుపచక్రమును నిలిపి రంధ్రములకు సరిచూచి, నట్లను ఎదురెదురుగా బిగింతురు. కొంచెము దూరము నడిపి మరల బిగింతురు. రెండు చక్రములకును గంటన్నర పట్టెను. మరిది చేతివ్రేళ్లు గీచుకొని రక్తము వచ్చెను.

“ఇంకొక సంగతి, వదినా. దిగబడ్డ బండి చక్రానికి దుంగ గట్టి బలవంతంగా లాగించామా, ముందుభాగం లేచి వెనక్కు తిరగబడుతుంది. ఇనుముతో తొందర పనికిరాదు” అనెను.

అన్నము తినుటకై యింత పని దినమునకు రెండుమార్లు చేయుమనుట నా యవివేకమే. మఱి యతడు రోడ్డెక్కుట దేనికొఱకు? అన్నము కొఱకే గదా! అన్నమే పొలమునకు వెళ్లినచో చక్రము రోడ్డెక్క నక్కఱలేదు. మఱునాటినుండి దమ్ము ముగియువఱకు ట్రాక్టరు మా కళ్లములోనే యుండెను. పదకొండు గంటలకు క్యారియరు కట్టి పంపుటకు నాకు బట్టిన యధికశ్రమ అరగంట. ఆ యాదివారము మావారును, మరిదియు కలిసి రెండు బండ్ల కంకర తెచ్చి బడియెదుటి గుంటలను బూడ్చిరి. వారిలో ముందు పలుకరించిన దెవరో నేనడుగలేదు.

ఈ చదువు నాకు సముద్రముల కావల కూడ పనికివచ్చినది. మా తమ్ముడు అమెరికాలో సియాటిల్ నగరమున నున్నాడు. మొన్నటి శీతకాలమున ఒకనాటి రాత్రి పదిగంటలకు ఫోను చేసినాడు. వారి కప్పు డుదయము. భార్యతోను, బిడ్డతోను స్నొక్వాల్మీ కనుమ దాటవలెనని బయలుదేఱగా, దారిలో చక్రములకు గొలుసులు లేనిదే పోరాదను బోర్డు కనబడెనట. మంచుపై రబ్బరు జాఱకుండ అచ్చట చక్రములకు ఇనుపగొలుసులు తొడుగుదురు. పూర్వము చోదకులు చక్రములకు త్రాళ్లు చుట్టుకొనుట చూచి హ్యారీ వీడ్ అనునాతడు ఈ యుపాయము కనిపెట్టి, 1904లో పేటెంటు పొందెనని చెప్పుదురు. నిచ్చెనవంటి యా గొలుసును చక్రముపై బఱచి, లోపలి కొక్కెమును ముందు, వెలుపలి దానిని పిదప తగిలించి, కొంత నడిపి మరల బిగింపవలెను. మంచు లేని రోడ్డు రాగనే విప్పవలెను. మా దమ్ముచక్రముల ధర్మమే యిది!

తమ్ముడు ముచ్చటపడి తన జీపునకు మునుపటికంటె పెద్ద టైరులు వేయించినాడు. గొలుసులు మాత్రము పాత కొలతవి. కొనలు నాలుగంగుళముల దూరమున నిలిచిపోయినవట. “తీగతో కట్టి చూస్తానక్కా” అనెను.

నాకు దుంగ మాట జ్ఞప్తికి వచ్చెను. “వద్దురా! తీగ తెగితే ఆ గొలుసు ఊరుకుంటుందా? పెద్ద టైరు వేసినచోట లోపలి వైపు సందు కూడ తగ్గుతుంది. వెనక్కు తిరుగు” అంటిని.

“నీకివన్నీ ఎట్లా తెలుసక్కా?”

“అన్నం క్యారియరు పంపి నేర్చుకొన్నాను” అంటిని. వాడు నవ్వినాడు గాని వెనుకకు దిరిగినాడు. తరువాత టైరుపై నున్న యంకెలను బట్టి సరియైన గొలుసులు కొని, జీపు పుస్తకములో సందు కొలత చూచుకొని, ఇంటి ముంగిట రెండుమార్లు తొడిగి నేర్చుకొన్నాడట.

ఈ యేడును కాలువకు నీరు వచ్చినది. మరిది మళ్లలో నున్నాడు. క్యారియరు గట్టుచు వాకిటికి వచ్చితిని. ఆ బాలుడు, ఇప్పుడు ఏడవ తరగతి, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకొని బడికి బోవుచున్నాడు.