డాలీ పార్టన్ – మా నాయినమ్మ పాసుబుక్కు

పోయిన ఏడాది దీపావళి సెలవులకు ముందు మా ఇంగ్లీషు మేడమ్ ఒక స్టీలు డబ్బాలో చీటీలు వేసి తరగతి అంతా తిప్పారు. ఒక్కో చీటీలో ఒక్కో పేరున్న మనిషి పేరు ఉంది. వాళ్ల జీవితంలో మైలురాళ్లు ఏవో తెలుసుకొని, సంవత్సరాలతో సహా చార్టు మీద రాసి తేవాలి. నా పక్కన కూర్చునే అమ్మాయికి అబ్దుల్ కలాం గారు వచ్చారు. వెనక బెంచీవాళ్లకు సచిన్ టెండూల్కర్ వచ్చాడు. నా చీటీ విప్పితే 'డాలీ పార్టన్' అని ఉంది. పైకి చదవగానే అందరూ నవ్వారు. మా గల్లీలోనే ముగ్గురు డాలీలు ఉన్నారు, అందులో ఒకటి కుక్క.

"మేడమ్, చీటీ మార్చుకోవచ్చా?" అని అడిగాను.

"ఆమె అమెరికాలో పాటలు రాసి పాడే మనిషి. ముందు తెలుసుకో, తర్వాత అడుగు" అన్నారు మేడమ్.

మా ఇల్లు షోలాపూర్‌లో విడి ఘర్‌కుల్‌లో ఉంది. మా పెద్దలు తెలంగాణ నుంచి నేతపని కోసం ఇక్కడికి వచ్చారు. బాపు సాంచా మీద టవళ్లు నేస్తాడు. అమ్మ, నాయినమ్మ బీడీలు చుడతారు. ఆ రాత్రి బాపు ఫోన్ తీసుకొని నేను గడపలో కూర్చున్నాను. నాయినమ్మ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. నేను చదివింది నోట్‌బుక్కులో తెలుగులో రాసుకుంటూ పైకి చదువుతున్నాను.

డాలీ పార్టన్ 1946 జనవరి 19న టెనెసీ రాష్ట్రంలో కొండల నడుమ ఒకే గది ఉన్న ఇంట్లో పుట్టింది. పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది. కాన్పు చేసిన డాక్టరుకు ఇవ్వడానికి డబ్బులు లేక వాళ్ల నాన్న ఒక బస్తా మక్కపిండి ఇచ్చాడు. తల్లి పాత పాటలు పాడుతుండేది. తండ్రి పొగాకు పండించేవాడు.

నాయినమ్మ చేయి ఆగింది. "గాళ్లది గూడ తంబాకేనా?" అంది.

"అవును నాయినమ్మా. వాళ్లు పండించేటోళ్లు."

"అయితె మనోళ్లే" అని మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది.

తర్వాతి వాక్యం చదవబోయి నేను ఆగిపోయాను. డాలీ వాళ్ల నాన్నకు చదవడం, రాయడం రాదు అని ఉంది. చాలా తెలివైనవాడు, లెక్కల్లో గట్టివాడు, కానీ అక్షరం రాదు. ఆ వాక్యం నేను పైకి చదవలేదు. ఎందుకో చెప్పాలంటే అంతకు రెండు నెలల ముందు జరిగింది చెప్పాలి.

నాయినమ్మ మూడు రోజులకోసారి బీడీల కట్టలు తీసుకొని కార్ఖానాకు పోతుంది. అక్కడ లెక్కపెట్టి, పాసుబుక్కులో రాసి, మళ్లీ ఆకు, తంబాకు ఇస్తారు. నాయినమ్మకు లెక్క వస్తుంది. కట్టను చేతిలో పట్టుకుంటే ఒక బీడీ తక్కువున్నా చెప్పేస్తుంది. కానీ పుస్తకంలో ఏం రాశారో చదవలేదు. అందుకని నేను నాలుగో తరగతిలో ఉన్నప్పటి నుంచి వెంట పోయి చదివి చెప్పేదాన్ని. తొమ్మిదికి వచ్చాక మానేశాను. ట్యూషన్ ఉందని చెప్పేదాన్ని. ట్యూషన్ నిజంగానే ఉండేది, కానీ వేరే వేళకు.

అసలు కారణం వేరు. ఎనిమిదిలో ఉన్నప్పుడు వక్తృత్వ పోటీకి వేరే బడికి పోయాం. అక్కడ ఒక ఇంగ్లీషు మీడియం అమ్మాయి నా పక్కన కూర్చొని, కాసేపటికి లేచి వేరే కుర్చీలోకి పోయింది. "తంబాకు వాసన వస్తోంది" అని తన స్నేహితురాలితో మరాఠీలో అంది. నాకు మరాఠీ రాదనుకుందేమో. ఆ రోజు ఏం మాట్లాడానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. ఆ కుర్చీ జరిగిన చప్పుడు మాత్రం గుర్తుంది. ఆ తర్వాత కార్ఖానా దారిలో ఎవరైనా చూస్తారేమోనని నాయినమ్మతో పోవడం మానేశాను.

ఒక రోజు నాయినమ్మ పిలిచింది, నేను పోలేదు. ఆ రోజు ఆమె రెండు వేల బీడీలు ఇచ్చి వచ్చింది. మరునాడు పాసుబుక్కు తెరిస్తే అందులో వెయ్యి అని ఉంది. వెంటనే ఇద్దరం పోయాం. రాసేటాయన "పుస్తకంలో ఎంతుంటే అంతే" అన్నాడు. వెయ్యి బీడీలంటే నాయినమ్మకు ఒకటిన్నర రోజు పని. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి, కత్తెర చేతిలోకి తీసుకొని, ఎవరితోనో అన్నట్టు "నాకే సదువొస్తే గిట్లయితుండెనా" అంది. అమ్మ తిట్టినా అంత బాధ అయ్యేది కాదు.

అందుకే డాలీ వాళ్ల నాన్న గురించిన వాక్యం పైకి చదవలేకపోయాను. కానీ ఆ రాత్రి నుంచి చీటీ మార్చుకోవాలని అనిపించలేదు.

ఇక ఆమె మైలురాళ్లు చెబుతాను. చిన్నప్పుడు ఒక పాత మాండలిన్‌తో తనే గిటార్ తయారు చేసుకుంది. ఎనిమిదేళ్లప్పుడు మామయ్య నిజమైన గిటార్ ఇచ్చాడు. పదేళ్లకే నాక్స్‌విల్ ఊళ్లో రేడియోలో పాడింది. 1959లో, పదమూడేళ్ల వయసులో, గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పెద్ద వేదిక మీద పాడింది. 1964లో హైస్కూలు పూర్తయింది. ఆ రోజు వేదిక మీద పిల్లలందరూ తర్వాత ఏం చేస్తారో చెప్పాలి. తాను నాష్‌విల్ పోయి పాటల్లో పేరు తెచ్చుకుంటానని ఈమె చెప్పగానే అందరూ నవ్వారు. మరునాడే బస్సెక్కి నాష్‌విల్ వెళ్లిపోయింది. అది అక్కడ పాటలకు పెద్ద ఊరు.

1967లో మొదటి ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది పోర్టర్ వాగనర్ అనే గాయకుడి టీవీ కార్యక్రమంలో చేరింది. 1971లో 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' అనే పాట వచ్చింది. చిన్నప్పుడు వాళ్లమ్మ రంగురంగుల గుడ్డపీలికలు కలిపి ఒక కోటు కుట్టింది. కుడుతూ బైబిల్లోని జోసెఫ్ రంగుల అంగీ కథ చెప్పింది. డాలీ ఆ కోటు వేసుకొని గర్వంగా బడికి పోతే పిల్లలు ఎగతాళి చేశారు. చాలా ఏళ్ల తర్వాత, బస్సులో ప్రయాణం చేస్తుండగా ఆ సంగతే పాటగా రాసింది. రాయడానికి కాగితం లేక, బట్టలు ఉతికించిన రసీదు వెనక రాసింది.

ఇది చదివి నేను బొంత మీద పడుకొని చాలాసేపు ఆలోచించాను. మా బొంత కూడా పాత చీరలు, చద్దరు ముక్కలు కలిపి నాయినమ్మ కుట్టిందే. ఎగతాళి చేసినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. కోటు మాత్రం అందరికీ తెలుసు. నేనైతే ఆ కుర్చీ సంగతి రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు.

నాకు బాగా నచ్చిన మైలురాయి 1974లో ఉంది. పోర్టర్ వాగనర్‌ను వదిలి సొంతంగా పాడాలనుకున్నప్పుడు, కోపంగా కాకుండా మంచిగా వీడ్కోలు చెప్పాలని 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' పాట రాసింది. అది చాలా పేరు తెచ్చింది. ఆ పాట తాను పాడతానని ఎల్విస్ ప్రెస్లీ అడిగాడు. ఆ రోజుల్లో అమెరికాలో ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. డాలీ ఎంతో సంతోషపడింది. కానీ పాట హక్కుల్లో సగం తమకు రాసివ్వాలని ఆయన మేనేజరు షరతు పెట్టాడు. ఆమె ఇవ్వను అంది. ఆ రాత్రంతా ఏడ్చిందట.

ఇది నాయినమ్మకు చెప్పాను.

"సగం అడిగిండా?"

"అడిగిండు."

"గాయిన పాడుతడు, గంతే గదా. రాసింది ఈ పిల్ల. ఇయ్యొద్దు" అంది. ఎల్విస్ ఎవరో కూడా అడగలేదు.

తర్వాత 1992లో విట్నీ హ్యూస్టన్ అనే గాయని 'ది బాడీగార్డ్' సినిమా కోసం అదే పాట పాడింది. అమెరికా పాటల పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. హక్కులు డాలీ దగ్గరే ఉన్నాయి కాబట్టి పాట రాసినందుకు రావలసింది ఆమెకే వచ్చింది.

చార్టు మీద నేను 1974కూ 1992కూ మధ్య రెండు అంగుళాలు వదిలాను. గీత గీశాక చూస్తే చాలా సులభంగా కనిపించింది: ఇక్కడ ఇవ్వను అంది, అక్కడ లాభం వచ్చింది. కానీ ఆ రెండు అంగుళాలు పద్దెనిమిది సంవత్సరాలు. ఇవ్వను అన్న రాత్రి ఆమెకు 1992 గురించి ఏమీ తెలియదు. పెద్ద అవకాశం పోయిందని మాత్రమే తెలుసు. ఆ తర్వాత ఏమీ రాకపోయినా ఆమె చేసింది సరైనదే అని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఆ పాట ఆమె పని. ఎవరి పని వాళ్ల పేరు మీద పూర్తిగా రాసి ఉండాలి. రెండు వేలు చుడితే రెండు వేలు అని ఉండాలి.

1980లో 'నైన్ టు ఫైవ్' సినిమాలో నటించింది, దానికి పాట కూడా రాసింది. ఆఫీసులో పనిచేసే ఆడవాళ్ల కష్టం అది. షూటింగులో ఖాళీ దొరికినప్పుడు తన పెట్టుడు గోళ్లు ఒకదానితో ఒకటి రాస్తే టైపురైటర్ చప్పుడులా వచ్చిందట. ఆ తాళం మీదే పాట కట్టింది. నాయినమ్మ కత్తెర చప్పుడు కూడా తాళంగానే ఉంటుంది. నేను పుట్టినప్పటి నుంచి వింటున్నా, ఆ రోజే గమనించాను. 1986లో తన జిల్లాలోనే డాలీవుడ్ అనే వినోద పార్కు తెరిచింది. 1999లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దొరికింది. 2020లో కరోనా పరిశోధన కోసం పది లక్షల డాలర్లు ఇచ్చింది.

ఇవన్నీ చార్టు మీద నల్ల స్కెచ్ పెన్నుతో రాశాను. ఒక్కటి మాత్రం ఎర్ర పెన్నుతో, పెద్ద అక్షరాలతో రాశాను: 1995, ఇమాజినేషన్ లైబ్రరీ.

అక్షరం రాని తన తండ్రిని తలచుకొని ఆమె మొదలుపెట్టిన పని అది. పుట్టిన బిడ్డకు ఐదేళ్లు వచ్చేదాకా నెలకొక పుస్తకం ఉచితంగా ఇంటికి పోస్టులో వస్తుంది. మొదట తన సొంత సెవియర్ కౌంటీలో మొదలైంది, తర్వాత వేరే దేశాలకూ వెళ్లింది. 2018 నాటికి పదికోట్ల పుస్తకాలు పంచారు. వాళ్ల నాన్న 2000లో చనిపోయాడు, కానీ ఈ పని మొదలవడం చూశాడు. పిల్లలు తన కూతురిని 'పుస్తకాలామె' అని పిలుస్తుంటే మురిసిపోయేవాడట.

చార్టు చూపించే రోజు మేడమ్ అడిగారు, "ఇదొక్కటే ఎర్రగా ఎందుకు? పాట కాదు కదా?"

నేను ఒకసారి కిందికి చూశాను. తర్వాత చెప్పేశాను. మా నాయినమ్మ బీడీలు చుడుతుందని, ఆమెకు చదవడం రాదని, నేను పోకపోవడం వల్ల వెయ్యి బీడీలు పోయాయని. ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. వెనక బెంచీ నుంచి ఒకడు "మా అమ్మ కూడా చుడుతుంది మేడమ్" అన్నాడు. ఇంకొకతె "మాదీ" అంది. చూస్తే సగం తరగతి చేతులెత్తింది. ఇన్నాళ్లూ నేను ఎవరి దగ్గర దాచానో నాకే అర్థం కాలేదు.

ఆ సెలవుల్లోనే నాయినమ్మకు చదువు మొదలుపెట్టాను. పాసుబుక్కులో అంతా మరాఠీ అంకెలే కాబట్టి ముందు అవే నేర్పాను. ఒకటి సగం కత్తెర లెక్క ఉందట, రెండు కొంగ లెక్క ఉందట. తన గుర్తులు తానే పెట్టుకొని పది రోజుల్లో నేర్చేసుకుంది. ఇప్పుడు కార్ఖానాకు ఇద్దరం పోతాం. రాసేటాయన రాయగానే పుస్తకం తన వైపు తిప్పుకొని, వేలు పెట్టి, పైకి చదువుతుంది. ఆయన నవ్వుతాడు. ఈమె చదవడం అయ్యేదాకా అక్కడి నుంచి కదలదు. వెనక లైన్లో వాళ్లు తొందరపెట్టినా కదలదు. పోయిన వెయ్యి మాత్రం తిరిగి రాలేదు.

పేరు రాయడం తెలుగులో నేర్పుతున్నాను. నాయినమ్మ పేరు లక్ష్మి. 'ల' బాగా వచ్చింది, గుండ్రంగా, పలక నిండా రాస్తుంది. 'క్ష్మి' దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోతుంది. "నా పేరు ఇంత కష్టముంటదని నాకేం తెలుసు బిడ్డా, అప్పుడే వేరే పేరు పెట్టమందును" అంటుంది.

పోయిన వారం కార్ఖానాలో సంతకం దగ్గర 'ల' అని రాసి, పక్కన వేలిముద్ర వేసింది.

– పదో తరగతి విద్యార్థిని