చెవికి చేరిన పాట, నోటికి చేరిన పాట

రికార్డు కంపెనీ తలుచుకుంటే యే పాటనయినా జనం నెత్తికెక్కించగలదా? మా కళాశాలలో తరచు యీ వాదన జరుగుతూ వుంటుంది. డబ్బు కుమ్మరిస్తే యెంత పనికిమాలిన పాటయినా నిలబడుతుందని ఒక మిత్రుడు అంటాడు. మంచి పాటకు ప్రచారంతో పనిలేదని, దాని దారి అదే చూసుకుంటుందని మరొక మిత్రుడు అంటాడు. నిన్న మొన్నటి వరకు నేను రెండవ మిత్రుని పక్షాన వుండేవాణ్ణి. ఇప్పుడు ఆ యిద్దరితోనూ నాకు పేచీ వున్నది. ఈ మార్పుకు కారణం నేను రాసిన ఒక పాట కనుక ముందుగా ఆ కథ చెప్పుకోవడం న్యాయం.

నేను పుట్టింది నెల్లూరు తీరాన, మైపాడుకు ఆట్టే దూరంలేని పల్లెలో. తెలుగులో ఎమ్మే చేసి, పట్నంలో పాఠాలు చెప్పుకుంటున్నాను. రెండేళ్ళ క్రితం ఒక పాటల కంపెనీవారు బెస్తవారి బతుకు మీద పాట కావాలని అడిగారు. రాశాను. సముద్రాన్ని తల్లి అన్నాను, పడవను పసిపాప అన్నాను. సమాసాలు కూడా కొన్ని దట్టించాను. శ్రమజీవుల పాట రాశానన్న తృప్తి నాకు కలిగిన మాట నిజం. కంపెనీవారు ప్రచారంలో యే లోపమూ చేయలేదు. యూట్యూబులో ప్రకటనలకు డబ్బు కట్టారు. పేరున్నవారి చేత ఇన్‌స్టాగ్రాంలో అడుగులు వేయించారు. వారం తిరిగేసరికి విన్నవారి లెక్క లక్షలలోకి పోయింది. సహోద్యోగులు అభినందించారు. నెల తిరిగాక ప్రకటనలు ఆగాయి. వాటితోపాటు లెక్కా ఆగింది.

ఆ తర్వాత ఒక ఆదివారం మైపాడు ఒడ్డుకు వెళ్ళాను. అలివి వల లాగుతున్నారు. లాగేవారిలో నా విద్యార్థి ఒకడు కనిపించాడు. వల ఒడ్డుకు చేరాక, నా పాట విన్నావా అని అడిగాను.

"ఇన్నాను సార్. బాగుండాది. ఇనేదానికి బాగుండాది గాని, పాడేదానికి కుదరదు సార్. మద్దెలో ఊపిరి తీసుకునే చోటే లేదు."

ఏ విమర్శకుడూ నాకింత సూటిగా చెప్పలేదు. అలివి వల లాగడం చూసినవారికి ఆ మాటలోని విలువ తెలుస్తుంది. వల ఒక కొస ఒడ్డున వుంచి, పడవ మీద చుట్టు తిప్పి, రెండవ కొసను మళ్ళీ ఒడ్డుకు తెస్తారు. రెండు వరుసలలో జనం నిలబడి తాళ్ళు లాగుతారు. ఒకరు పాట అందుకుంటారు, మిగిలినవారు వంత పలుకుతారు. ఆ వంత పలికే క్షణంలోనే అందరి బలమూ ఒక్కసారిగా తాడు మీద పడాలి. అంటే ఆ పాటలో సగం చోటు పక్కవాడిది. నా పాటలో పక్కవాడికి చోటు లేదు. నేను వినేవాణ్ణి తలుచుకుని రాశానేగాని పాడేవాణ్ణి తలుచుకుని రాయలేదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ప్రచారం పాటను చెవికి చేరుస్తుంది. నోటికి చేర్చడం దాని చేతిలో లేదు. అయితే చెవికి చేర్చడం చిన్న పని అనుకుంటే పొరపాటు. శంకరంబాడి సుందరాచారి 'మా తెలుగు తల్లికి' గీతాన్ని 'దీనబంధు' చిత్రం కోసం రాశారు. చిత్రంలో దానికి చోటు దొరకలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతుతో గ్రామఫోను రికార్డుగా వచ్చింది కనుకనే అది ఊరూరా వినబడింది. రికార్డు లేకపోతే ఆ గీతం యేమయ్యేదో! రాష్ట్ర గీతమయ్యేదాకా దాన్ని మోసినవి మాత్రం బడిపిల్లల గొంతులు, సభలలో నిలబడి పాడినవారి గొంతులు. అమెరికాలో రికార్డు కంపెనీలు రేడియోవారికి లంచాలిచ్చి పాటలు వేయించుకుంటున్నాయని 1959-60లో అక్కడి కాంగ్రెసు విచారణ జరిపింది. 1960లో దాన్ని చట్టవిరుద్ధం చేశారు. మంచి పాట దారి అదే చూసుకునేటట్లయితే యీ లంచాల అవసరం యెందుకొచ్చింది?

దీనికి తలకిందులయిన నిదర్శనం మన దేశంలోనే వున్నది. 1952లో కేంద్ర సమాచార మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో సినిమా పాటలను ఆకాశవాణికి దూరం చేశారు. ప్రభుత్వమే తలుపు మూసింది. జనం రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పుకున్నారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతి పేరుతో ఆకాశవాణే దిగిరావలసివచ్చింది. నోటికెక్కిన పాటను మరిపించడం ఒక సర్కారుకే సాధ్యం కాలేదు.

'బుల్లెట్టు బండి' సంగతి చూడండి. అది యే సినిమాకూ చెందిన పాట కాదు. 2021 ఆగస్టులో తెలంగాణలో ఒక పెళ్ళికూతురు ఊరేగింపులో ఆ పాటకు ఆడింది. ఆ దృశ్యం ఫోన్లలో పాకింది. తర్వాత పెళ్ళి ఊరేగింపులకు ఆ పాట ఆనవాయితీ అయింది. అంతకు ముందే కంపెనీ దాన్ని విడుదల చేసింది. కాని బతుకులో దానికొక చోటు చూపించింది ఆ పెళ్ళికూతురు.

ఇంతటితో ప్రజలకు జేజేలు పలికి ముగించవచ్చు. అది మనవంటివారికి అలవాటయిన సుఖం. కాని 2006లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన ఒక ప్రయోగం ఆ సుఖానికి అడ్డువస్తుంది. 14,341 మందికి, ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే యిచ్చారు. మిగిలినవారిని యెనిమిది గుంపులు చేసి, ఎవరి గుంపులో యే పాటను యెంతమంది తీసుకున్నారో ఆ లెక్క చూపించారు. లెక్క చూసినచోట పాటల మధ్య తారతమ్యం పెరిగింది. ఏ పాట గెలుస్తుందో చెప్పడం మరింత కష్టమయింది. మరీ మంచి పాటలు అరుదుగా ఓడాయి. మరీ చెడ్డవి అరుదుగా గెలిచాయి. నడుమ వున్నవాటి గతి గుంపుకొక రకంగా మారింది. పాటలలో అధికభాగం నడుమవే కదా! కంపెనీ కొనేది ఆ మొదటి లెక్కనే. కొనే స్తోమత లేనివాడి పాట, నోళ్ళను చేరే అర్హత వుండీ, చెవుల దాకా రాకుండానే పోతున్నది. 'మంచిదయితే జనమే యెన్నుకుంటారు' అనడం ఆ అన్యాయాన్ని కప్పిపుచ్చడమే అవుతుంది.

మా జిల్లా చరిత్రలోనే దీనికొక జవాబున్నది. అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు పాటలు మోసుకుని ఊరూరా తిరిగాయి. ఆ రాత్రి బడుల నుంచి లేచిన ఆడవాళ్ళే 1992లో దూబగుంటలో సారా దుకాణానికి అడ్డం తిరిగారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమయింది. పాటే సారాను ఆపిందని నేననను. ఆ పాటల వెనక కంపెనీ లేకపోయినా ప్రచారం లేకపోలేదు. కాళ్ళరిగేలా తిరిగిన మనుషులున్నారు. ఆ తిరుగుడు మనం మానుకున్నాం. మానుకుని, కంపెనీలను తిడుతున్నాం.

నా పాటను తిరగరాస్తున్నాను. సమాసాలు విరిగిపోతున్నాయి, వంతకు చోటు దొరుకుతున్నది. మొన్న ఆ కుర్రవాడికి రెండు చరణాలు వినిపించాను. మొదటి చరణం వూపుతూ పాడి చూశాడు. రెండవదానికి తల అడ్డంగా తిప్పాడు. వచ్చే ఆదివారం మళ్ళీ మైపాడు వెళ్ళాలి.