దీనికైతే తాడుంది... నీకు?

కారు మీద రెండు పొడుగాటి ప్లాస్టిక్ పడవలు. ఒకటి నారింజ రంగు, ఇంకోటి ఆకుపచ్చ. కొడుకు వాటిని బెల్టులతో బిగించి కడుతున్నాడు. మెట్లు దిగి వచ్చిన తండ్రి వాటిని చూసి ఆగిపోయాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలితో కొట్టి చప్పుడు విన్నాడు.

‘ఏట్రా ఇవి? తెప్పలా?’

‘కయాక్‌లు నాన్నా. వీటి మీద కూర్చుని చేపలు పడతారు.’

‘ఎవులు పడతారు?’

‘నేనే.’

ఆయన మరో మాట మాట్లాడలేదు. కారెక్కి కూర్చుని, కోడలు నేర్పినట్టే సీటు బెల్టు పెట్టుకున్నాడు.

అది 2019 అక్టోబరు, శుక్రవారం మధ్యాహ్నం. అట్లాంటా నుంచి ఆరు గంటల ప్రయాణం. వెళ్లేది అలబామా రాష్ట్రం దక్షిణపు అంచున, మెక్సికో సింధుశాఖలో ఉన్న ఓ చిన్న దీవికి. రెండు రాత్రులు అక్కడుండి, చేపలు పట్టుకుని, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చెయ్యాలన్నది కొడుకు ఆలోచన. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి అదే పెద్ద ఆటవిడుపు. ఈసారి తండ్రిని కూడా తీసుకెళ్తే సంతోషిస్తాడనుకున్నాడు. ఆయన మౌనం చూశాక, పొరపాటు చేశానా అన్న అనుమానం మొదలైంది.

అనుమానానికి కారణముంది. తండ్రిది భీమిలి దగ్గర ఓ మత్స్యకార పల్లె. పదమూడో ఏట తెప్ప ఎక్కాడు. ముప్ఫై ఏళ్లు వేటే బతుకు. తేలిక కర్ర దుంగల్ని తాళ్లతో బిగించి కడితే తెప్ప. ఒడ్డుకి రాగానే తాళ్లు విప్పి, దుంగల్ని ఇసుకలో ఆరబెట్టాలి. తెల్లారకముందే మళ్లీ కట్టుకోవాలి. కానీ కొడుకుని ఒక్కనాడు కూడా తెప్ప ఎక్కించలేదు. వల ముట్టుకుంటే వీపు చిట్లగొట్టేవాడు. ‘సదువుకో’ అన్నమాట తప్ప ఇంకోటి చెప్పింది లేదు. చివరికి సముద్రం పక్కన పుట్టిన ఆ పిల్లాడు ఈత నేర్చుకుంది అట్లాంటాలో, అపార్ట్‌మెంట్ల ఈతకొలనులో. చేపలు పట్టడం నేర్చుకుంది కంప్యూటర్‌లో వీడియోలు చూసి!

కాళ్లున్న ఇళ్లు

దీవి పేరు డాఫిన్ ఐలండ్. ‘మన డాల్ఫిన్ నోస్ లాంటిదేటి?’ అనడిగాడు తండ్రి. నవ్వులాటకి అన్నా, మాట మరీ తప్పేమీ కాదు. డాఫిన్ అన్నది ఒకప్పటి ఫ్రెంచి యువరాజు బిరుదు. ఫ్రెంచిలో ఆ మాటకు డాల్ఫిన్ అనే అర్థం. కాకపోతే అక్కడ కొండ లేదు. అంతా ఇసుకే. పొడవు సుమారు ఇరవైరెండు కిలోమీటర్లు. వెడల్పు చాలాచోట్ల కొన్ని వందల మీటర్లు మాత్రమే. దక్షిణం వైపు పెద్ద సముద్రం. ఉత్తరం వైపు, దీవికీ నేలకీ మధ్యన లోతు తక్కువ నీళ్లు. దాన్ని మిసిసిపీ సౌండ్ అంటారు.

దీవికి వెళ్లాలంటే ఐదు కిలోమీటర్ల వంతెన దాటాలి. 1955లో కట్టిన పాత వంతెనని 1979 సెప్టెంబరులో ఫ్రెడరిక్ తుపాను కూల్చేసింది. ఇప్పుడున్నది 1982లో తెరిచారు. 2005లో కత్రినా తుపాను ఏకంగా దీవినే రెండు ముక్కలు చేసింది. ఆ గండిని రాళ్లతో పూడ్చేసరికి 2011 వచ్చింది. అందుకే అక్కడి ఇళ్లు చాలావరకు ఎత్తైన కొయ్య స్తంభాల మీద నిలబడి ఉంటాయి. ‘ఇళ్లకి కాళ్లున్నాయిరా’ అన్నాడాయన, అద్దెకి తీసుకున్న ఇంటి మెట్లెక్కుతూ.

ఊళ్లో ఆయనకి అన్నిటికన్నా వింతగా అనిపించింది చేపలు పట్టుకోడానికి కట్టిన పొడవాటి చెక్కవారధి. అది ఇసుకలో నిలబడి ఉంది. కింద చుక్క నీరు లేదు. కత్రినా తర్వాతి ఏళ్లలో ఎదురుగా ఉన్న ఇసుకతిన్నె కదిలి వచ్చి దీవికి అతుక్కుపోయింది. వారధి నేల మీద మిగిలిపోయింది. ఆయన దాని మీద చివరిదాకా నడిచి వెళ్లి, కిందికి చూసి వచ్చాడు.

‘గంగమ్మ ఒకసోట ఉండదు. ఎక్కడైనా అంతే’ అన్నాడు.

సగం తెడ్డు చాలు

శనివారం పొద్దున్నే ఉత్తరం వైపు నీళ్లలోకి దిగారు. అంతకుముందే ఇద్దరికీ వారం రోజుల చేపలవేట లైసెన్సులు తీసుకున్నాడు కొడుకు. ‘గేలం ఎయ్యడానికీ టిక్కెట్టేనా?’ అని తండ్రి ఆశ్చర్యం. ఎర కోసం ప్రాణమున్న రొయ్యలు కొంటే అది ఇంకా పెద్ద ఆశ్చర్యం. ‘రొయ్య ఏసి సేపని పడతారా? మనకాడ దాన్ని కంట్లో పెట్టుకుంటారు కదరా!’

కయాక్ పుట్టింది మంచుదేశాల్లో. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు చట్రానికి సీలు చర్మం కప్పి, లోపల నడుం దాకా దిగి కూర్చునేలా చేసుకున్న పడవ అది. ఇప్పుడు చేపలు పట్టేవాళ్లు ఎక్కువగా వాడేది వేరే రకం. పైన కూర్చునేది. 1970లలో కాలిఫోర్నియాలో మొదలైంది. దాని అడుగు నుంచి పైదాకా చిల్లులుంటాయి. అల వచ్చి మీద పడ్డా ఆ నీళ్లు చిల్లుల్లోంచి దిగిపోతాయి. తండ్రికి అది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఒకసారి చిల్లుల్లో వేలు పెట్టి చూసి ‘నీరెక్కినా నిలవదు. తెప్పే!’ అనేశాడు.

లైఫ్ జాకెట్ వేసుకోమంటే మాత్రం నవ్వాడు. కొడుకు బతిమాలితే వేసుకున్నాడు. వంగి నీళ్లు దోసిట్లోకి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత కొడుకు ఊహించని పని చేశాడు. సీటు మీద కూర్చోలేదు. దాన్ని వెనక్కి మడిచేసి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు వైపులా ఆకులున్న తెడ్డుని మధ్యలో ఊడదీసి, ఒక ముక్క కొడుకు చేతికిచ్చేశాడు.

‘నాకు సగం సాలు.’

అరవై ఎనిమిదేళ్ల మనిషి. తెప్ప ఎక్కడం మానేసి పాతికేళ్లు. ఊళ్లోకి ఇంజన్లు బిగించిన ఫైబర్ పడవలొచ్చాక తెప్పలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. అయినా నాలుగు తెడ్లు వేసేసరికి నారింజ రంగు కయాక్ నీళ్ల మీద గీత గీసినట్టు వెళ్లిపోయింది. కొడుకు అలా చూస్తూ ఉండిపోయాడు. తండ్రి ఎలా నడుస్తాడో, ఎలా తింటాడో, ఎలా కోప్పడతాడో అన్నీ తెలుసు. ఆయన పని చేస్తుండగా చూడటం మాత్రం అదే మొదటిసారి.

తేలుడు బెండుకి రెండడుగుల కింద గేలం, గేలానికి రొయ్య. బెండుని ఓ కుదుపు కుదిపితే నీళ్ల మీద ‘బుడుంగ్’మంటుంది. ఏదో చేప మేస్తోందనుకుని మిగతావి దగ్గరికొస్తాయి. మొదట కొడుక్కే పడింది. ఒంటి మీద నల్లచుక్కలున్న ట్రౌట్. కొలిస్తే పద్నాలుగు అంగుళాలు. వదిలెయ్యాలి! ఆ ఏడాది ఆగస్టు నుంచే అలబామాలో కొత్త నిబంధన. ఆ రకం చేప పదిహేను అంగుళాలకి తక్కువుంటే ఉంచుకోకూడదు. రోజుకి మనిషికి ఆరు మించకూడదు. పట్టిన చేపని మళ్లీ నీళ్లలో వదలడం తండ్రికి నచ్చదేమో అనుకున్నాడు కొడుకు. ఆయన తల ఊపాడు. ‘మంచిదే. పిల్లనొగ్గితే తల్లవుద్ది. మనకాడా ఆపుతారు కదా’ అన్నాడు. మన తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవల వేట నిషేధమే మరి.

ఇంకో గంటకి ఆయన గేలం లాగింది. కయాక్ మూతి గిర్రున తిరిగింది. చేప ఎటు పోతే అటు పడవనీ లాక్కుపోతోంది. ఆయన తాడు బిగించలేదు, వదల్లేదు. అది అలిసేదాకా దానితోనే వెళ్లాడు. ఒడిలోకి తీసేసరికి రాగి రంగు, తోక దగ్గర నల్లటి మచ్చ. రెడ్ డ్రమ్ అంటారు. ఇరవయ్యొక్క అంగుళాలు. పదహారు నుంచి ఇరవయ్యారు లోపు ఉంచుకోవచ్చు. అది చేతిలో ‘గుర్రు గుర్రు’మంటోంది. ఒంట్లోని గాలితిత్తిని కండరాలతో కదిలించి చేసే చప్పుడది. ఆయన ముఖం వెలిగిపోయింది.

‘ఒరే! ఇది గొరకరా! మన గొరక!’

నిజమే. మన తీరంలో దొరికే గొరక చేపదీ దానిదీ ఒకటే కుటుంబం. కొడుకు రెండేళ్లుగా ఆ చేపని పడుతున్నాడు. దానికి తెలుగులో ఓ పేరుండొచ్చని ఎప్పుడూ తోచలేదు.

‘తెడ్డు నీట్లో ముంచి, పిడి సెవికి ఆనించుకునేవోళ్లం. గొరకల గుంపు కిందనుంటే ఇనిపించేది’ అన్నాడు తండ్రి. ఆ రాత్రి పులుసు ఆయనే పెట్టాడు. చింతపండు అట్లాంటా నుంచి వెంట తెచ్చుకున్నారు.

అద్దంలాంటి సముద్రం

రాత్రి గాలి మారింది. ఇంటి కిటికీలు చప్పుడు చేశాయి. ఆదివారం తెల్లవారేసరికి చలి. దక్షిణం వైపుకి వెళ్లి చూస్తే, ముందురోజు అలలతో ఉన్న పెద్ద సముద్రం ఒడ్డున అద్దంలా పరుచుకుని ఉంది. కొడుక్కి ఆశ పుట్టింది. ఈ దీవికి ఎన్నిసార్లొచ్చినా అలల వల్ల అటు దిగడం కుదర్లేదు. ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ చూడలేదు. కయాక్‌ని ఇసుక మీద లాక్కొచ్చాడు.

‘ఆగు’ అన్నాడు తండ్రి.

‘అలలే లేవు కదా నాన్నా!’

‘ఆ పిట్టల్ని సూడు.’

ఒడ్డున పదీ పదిహేను సముద్రపు పిట్టలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ ఒకే వైపు, ఊరి వైపు, ముఖం పెట్టుకుని ఉన్నాయి. పిట్టలు గాలికి ఎదురుగా నిలబడతాయి. అంటే గాలి నేల మీంచి సముద్రంలోకి పోతోంది. ఒడ్డు అడ్డం ఉండబట్టి దగ్గర్లో నీళ్లు కదలట్లేదు. దూరంగా చూస్తే నీలం ముదిరి, తెల్లటి నురగలు కనిపిస్తున్నాయి.

కొడుకు ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆయన వినలేదు. కొడుకు గేలపుకర్ర తీసుకుని, గేలం ఊడదీసి, బెండుని మాత్రం నీళ్లలోకి విసిరాడు. చుట్ట మీది తాళం తీసేశాడు. బెండు ఒక్క క్షణం ఊగింది. తర్వాత బయల్దేరింది. ఎవరో పిలిచినట్టు, తిన్నగా లోపలికి. చుట్ట మీంచి తాడు సరసరా దిగిపోతోంది. యాభై గజాలు. వంద గజాలు. ఎర్రబెండు చుక్కయిపోయింది. అలా ఎంతసేపు చూసినా ఒక్క అడుగు వెనక్కి రాలేదు.

ఆయన తాళం వేసి, కర్ర కొడుకు చేతికిచ్చాడు. ‘సుట్టు’ అన్నాడు. కొడుకు తాడు చుడుతున్నాడు. చుట్టేకొద్దీ బరువు తెలుస్తోంది.

‘దీనికైతే తాడుంది. నీకేటుంది?’

కొడుకు దగ్గర జవాబు లేదు. చుట్టడం అయిపోయాక ఇద్దరూ తిరగేసిన కయాక్ మీద కూర్చున్నారు. అప్పుడు చెప్పాడు తండ్రి. పెదనాన్న సముద్రంలో పోయాడని మాత్రమే కొడుక్కి తెలుసు. ఎలా అన్నది ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

మనకి తూర్పున సముద్రం, పడమట నేల. తెల్లవారుజామున నేలగాలి తెప్పని లోపలికి తోస్తుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి తిరిగి ఒడ్డుకి తెస్తుంది. తెరచాప మీద బతికేవాళ్లకి అదే గడియారం. పావురాళ్ల కొండనీ ఒడ్డున చెట్టునీ ఒక వరసలో చూసుకుని, ఎంత దూరమొచ్చారో లెక్క కట్టుకునేవాళ్లు. కానీ ఎండలు ముదిరాక కొన్ని రోజుల్లో పడమటి గాలి పగలంతా తిరగదు. అలాంటి ఓ జ్యేష్ఠమాసపు తెల్లవారుజామున, సముద్రం అద్దంలా ఉంది. అన్నయ్య బయల్దేరాడు. తమ్ముడికి జ్వరం. వెళ్లలేదు.

‘ఒడ్డున నిలబడి సూశాను. పిలిస్తే ఇనపడే దూరంలోనే ఉన్నాడు. సల్లగా ఎల్లిపోతన్నాడు. గాలి తిరుగుతాది కదా అనుకున్నాను. తిరగలేదు.’

తర్వాత పదేళ్ల పాటు ఆ తీరంనుంచే, అదే సముద్రం మీదికి వేటకి వెళ్లాడాయన. వెళ్లకపోతే పొయ్యి వెలగదు. ఆ పదేళ్లూ కొడుకుని మాత్రం నీళ్ల దగ్గరికి రానివ్వలేదు.

‘నీకు వేట రాకూడదనుకున్నాను. అది తప్పుకాదు. కానీ ఎప్పుడు ఎల్లకూడదో, అదైనా సెప్పాల్సింది. నువ్వు నీళ్ల మీదికి ఎలాగూ వొచ్చీసినావు.’

తండ్రి కళ్లనిండా సముద్రమే ఉంది. ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు. పిట్టలు కూడా కదల్లేదు.

ఆ పొద్దున మళ్లీ ఉత్తరం వైపుకే వెళ్లారు. అటు గాలి ఎదురు. నీళ్లు గరుకుగా ఉన్నాయి. అయితేనేం, అలిసిపోతే అదే గాలి ఒడ్డుకి తోసేస్తుంది. గడ్డి మధ్య ఓ సన్నటి పాయలో, గాలి తగలని చోట, మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఒక్క చేపా పడలేదు. కొడుకు మోకాళ్ల మీద కూర్చుని సగం తెడ్డు వెయ్యబోయి రెండుసార్లు నీళ్లలో పడ్డాడు. తండ్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒడ్డుకి వచ్చాక చెప్పకుండానే లైఫ్ జాకెట్లు ఉతికి ఆరేశాడు, ఒకప్పుడు దుంగలు ఆరబెట్టినట్టే.

డిసెంబరులో ఆయన ఊరికి తిరిగొచ్చేశాడు. కొడుకు ఇప్పటికీ కుదిరినప్పుడల్లా ఆ దీవికి వెళ్తుంటాడు. వెళ్లేముందు భీమిలికి ఫోన్ చేస్తాడు. వాతావరణం వివరాలన్నీ సెల్‌ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటాయి. అయినా చేస్తాడు. అటునుంచి కుశలప్రశ్నలకన్నా ముందు వచ్చే మాట ఒకటే.

‘గాలి ఎటునుంచిరా?’